పిల్లికి పేరు తెలుసు, పిలిచే పద్ధతే మనకు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

"పిల్లికి పేరేం తెలుస్తది, అదేమన్న కుక్కనా?" అనే మాట మన నల్లగొండ గల్లీల్లో తరచూ వినిపిస్తుంది. ఈ మాట నిజం కాదు. జపాన్‌లో అత్సుకో సైతో అనే పరిశోధకురాలి బృందం 78 పిల్లులను పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించింది. పిల్లి పేరంత పొడవే ఉన్న నాలుగు మామూలు మాటలను వరుసగా వినిపించి, ఐదోసారి దాని పేరు పలికారు. మొదటి మాటలకు క్రమంగా పట్టించుకోవడం మానేసిన పిల్లులు పేరు రాగానే చెవులు తిప్పాయి, తల కదిలించాయి. కొత్త మనిషి పిలిచినా ఆ తేడా కనిపించింది. లేచి రావడం మాత్రం అరుదు. కాబట్టి వచ్చిందా లేదా అని కాకుండా ముందు చెవిని గమనించాలి. కళ్లు మూసుకుని పడుకున్నా చెవి మనవైపు తిరిగిందంటే విన్నట్టే.

అదే పరిశోధనలో, చాలా పిల్లులుండే ఒక క్యాఫేలోని పిల్లులు తమ పేరుకూ తోటి పిల్లుల పేర్లకూ తేడా చూపలేదు. మన ఇళ్లలోనూ ఇదే చిక్కు. మనవరాలు బుజ్జి, పక్కింటి పసివాడు బుజ్జి, పిల్లీ బుజ్జే! రోజుకు యాభైసార్లు వినిపించి, దేనికీ సంబంధం లేని మాటను ఏ జంతువైనా పక్కన పెట్టేస్తుంది. చేపల డబ్బా మూత చప్పుడుకు మిద్దె మీది నుంచి కూడా దూకి వస్తుందంటే కారణం ఒక్కటే: ఆ చప్పుడు తర్వాత తిండి రాని రోజు లేదు.

పేరు అలవాటు చేయాలంటే ఇంట్లో ఎవరికీ లేని పేరు, రెండు అక్షరాలది, ఎంచుకోండి. అందరూ ఒకేలా పలకాలి. ఒకరు "టింకూ", ఇంకొకరు "టింకిగా" అంటే లాభం లేదు. పిల్లి ఆకలి మీద ఉన్నప్పుడు చేతికందే దూరంలో కూర్చుని పేరు ఒక్కసారే పలకండి. చెవి గానీ తల గానీ తిప్పిన వెంటనే శనగపప్పంత ఉడికించిన కోడి ముక్క పెట్టండి. ఉప్పు, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. పూటకు ఐదారుసార్లు, రోజుకు రెండు పూటలు చాలు. తప్పకుండా తిరుగుతోందనిపించాక రెండడుగులు వెనక్కి జరిగి, తర్వాత పక్క గదిలోంచి పిలవండి. పలకలేదని అదే పేరు వరుసగా పదిసార్లు అరిస్తే నేర్పింది చెడిపోతుంది. పేరు పెట్టి తిట్టడం, పిలిచి మందు మింగించడం, పిలిచి బుట్టలో వేసుకుని పశువుల దవాఖానకు తీసుకుపోవడం అసలు చేయొద్దు. అలాంటి పనులకు పిలవకుండా మనమే వెళ్లి ఎత్తుకోవాలి.

పేరుతో పాటు ఒక చప్పుడు కూడా అలవాటు చేయడం మంచిది. చిన్న స్టీలు డబ్బాలో గుప్పెడు పొడి మేత వేసి ఆడించి, వెంటనే తినిపించాలి. ఆ డబ్బా ఇంకెందుకూ వాడొద్దు, పిల్లలకు ఆటకివ్వొద్దు.

దీపావళి టపాసులకు బెదిరి పిల్లి తప్పిపోయినప్పుడు ఈ డబ్బానే పనికొస్తుంది. తప్పిపోయి దొరికిన పిల్లుల్లో ముప్పావు వంతు అర కిలోమీటరు లోపే దొరికినట్టు 2018లో వెలువడిన ఒక అధ్యయనం చెబుతోంది. బెదిరిన పిల్లి మెట్ల కింద, కట్టెల మోపు వెనక, పక్కింటి స్నానాల గదిలో నక్కి, పేరు విన్నా కిక్కురుమనదు. గుంపుగా వెళ్లి కేకలు పెడితే ఇంకా లోపలికి దూరుతుంది. రాత్రి పదకొండు దాటి బండ్ల రొద తగ్గాక, రోజూ మేత పెట్టే మనిషి ఒక్కరే వెళ్లాలి. మామూలు గొంతుతో ఒకసారి పిలిచి, డబ్బా ఆడించి, రెండు మూడు నిమిషాలు కదలకుండా వినాలి. టార్చి మన కళ్ల ఎత్తులో పట్టుకుని వేస్తే దాని కళ్లు మెరుస్తాయి. కనిపించినా వెంటపడొద్దు. నేల మీద కూర్చుని మేత పెట్టి ఆగాలి.

ఎన్నాళ్లు నేర్పినా చెవి కదలకపోతే వినికిడి చూడాలి. సన్నటి కీచు శబ్దాలను పిల్లి చెవి సుమారు 85 వేల హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా వింటుంది. మన చెవి హద్దు 20 వేలే. అంత చెవి ఉండీ వెనకనుంచి కాగితం నలిపితే తిరగలేదంటే అనుమానించాల్సిందే. ఒళ్లంతా తెల్లగా, రెండు కళ్లూ నీలంగా ఉన్న పిల్లుల్లో పుట్టుచెవుడు ఎక్కువ. పరీక్షించేటప్పుడు మన నీడ దాని మీద పడకూడదు, అడుగుల అదురు నేలలోంచి తగలకూడదు. చెవిటిదని తేలితే మేత పెట్టే ముందు లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించండి, దానికి అదే పిలుపవుతుంది. వీధిలోకి మాత్రం వదలొద్దు, వెనకొచ్చే ఆటో దానికి వినపడదు.

– ఒక పాఠకురాలు, రామగిరి, నల్లగొండ