ఫిల్లింగ్ పెట్టి పంపించేస్తే సరిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన నెల దవడ పన్నుకి ఫిల్లింగ్ చేయించుకున్నా. డాక్టరు అయిపోయింది వెళ్లిరండి అన్నారు, అంతే, ఇంటికొచ్చి ఆకలేస్తుందని తినేశా, మత్తు ఇంకా దిగలేదు కదా, బుగ్గ లోపల కొరుక్కుంటున్న సంగతే తెలీలేదు, రెండు గంటలయ్యాక అద్దంలో చూస్తే రక్తం గడ్డకట్టి ఉంది. మత్తు దిగడానికి 2 నుంచి 4 గంటలు పడుతుందంట, అప్పటిదాకా నమలకూడదు, వేడివి తాగకూడదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్తే ఏం పోయింది?

ఇంకోటి, పంటి రంగు ఫిల్లింగ్ అయితే నీలం లైటు పెట్టగానే గట్టిపడిపోతుంది, అదే వెండి రంగుదైతే పూర్తిగా గట్టిపడ్డానికి 24 గంటలు పడుతుంది, ఆ రోజుకి రెండో వైపు నమలాలి. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనడం కొన్నాళ్లు మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ పళ్లు కలిపినప్పుడు ఆ పన్నే ముందు తగులుతుంటే ఫిల్లింగ్ ఎత్తుగా ఉన్నట్టు, అది దానంతటదే సర్దుకోదు, వెళ్లి కాస్త అరగదీయించుకోవాలి. నేను వారం ఓర్చుకున్నా, తీరా వెళ్తే 5 నిమిషాల పని! రాత్రుళ్లు సలుపుతున్నా, 2 వారాలైనా నొప్పి తగ్గకపోయినా మాత్రం ఆగొద్దు.

బ్రష్ మెత్తటిదే వాడండి, ఫిల్లింగ్ అంచు దగ్గర మళ్లీ పుచ్చు పట్టే ఛాన్సుంది కాబట్టి అక్కడ శుభ్రంగా తోముకోండి. ఇవన్నీ ఒక చిన్న కాగితం మీద రాసి పేషెంట్ చేతిలో పెట్టమని డాక్టర్లకి మీ పేపర్ ద్వారా చెప్పండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు