కారు బుక్ చేసే ముందు ఇది చదువు తల్లీ

తల్లీ,

నిన్న ఫోన్‌లో ఎలక్ట్రిక్ కారు బుక్ చేస్తున్నానన్నావు, సంతోషం. కానీ "పొగే రాదు నాన్నా, ఇంక కాలుష్యం ఎక్కడిది" అన్నావు చూడు, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నేను బాక్సైట్ లారీ తోలిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. మీ అమ్మ నా చొక్కాలు విడిగా నానబెట్టేది, మూడు నీళ్లు మార్చినా బకెట్ అడుగున ఎర్రమట్టి పేరుకునేది. నీ కారు బ్యాటరీ పెట్టె, లోపలి రేకు చేసే అల్యూమినియం ఆ రాయి నుంచే వస్తుంది. టన్ను అల్యూమినియానికి సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి, శుద్ధి చేశాక మిగిలే కాస్టిక్ సోడా కలిసిన ఎర్ర బురదని పెద్ద చెరువుల్లా గట్లు కట్టి నిలవ పెడతారు. ఒడిశాలో మన రాయగడ పక్కనే నియమగిరి కొండ మీద 2013లో 12 ఊళ్ల గ్రామసభలు, ఒక్కటి కూడా తప్పకుండా, తవ్వకం వద్దన్నాయి. ఆ కొండ వాళ్లకి దేవుడు, పైగా వాన నీళ్లు పట్టుకుని ఎండాకాలం కూడా వాగులు పారేలా చేసేది కొండ మీదున్న ఆ బాక్సైట్ పొరే.

ఇది మనం కళ్లారా చూసింది. చూడనిది ఇంకా ఉంది. చిలీలో అటకామా ఎడారి కింద నుంచి ఉప్పునీరు తోడి ఎండబెట్టి బ్యాటరీకి కావాల్సిన లిథియం అనే లోహం తీస్తారు, అసలే నీళ్లు లేని చోటు అది. చాలా బ్యాటరీల్లో వాడే ఇంకో లోహం కోబాల్ట్, ప్రపంచానికి సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో నుంచే, అక్కడ కొన్ని చిన్న గనుల్లో పిల్లలు కూడా రాళ్లు ఏరుతున్నారు. బ్యాటరీ తయారీకి కరెంటు చాలా కావాలి, అది బొగ్గుదైతే కారు రోడ్డెక్కకముందే బోలెడు పొగ వదిలినట్టే.

అలాగని మానేయమనను. ఏళ్ల తరబడి నడిపితే మొత్తమ్మీద పెట్రోలు కారు కంటే ఇదే తక్కువ పొగ. అందుకే అడుగుతున్నా, రోజూ ఆఫీసుకి వెళ్లిరావడానికి అంత పెద్ద బ్యాటరీ ఎందుకమ్మా? చిన్నది తీసుకో, బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమా అని అడుగు, అందులో కోబాల్ట్, నికెల్ ఉండవు. పాతబడ్డాక పాత సామాన్లవాడికి మాత్రం వేయకు, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వెనక్కి తీసుకోవాల్సింది తయారు చేసినవాళ్లే.

షోరూంలో ఏమన్నారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, మేలుకునే ఉంటాను.

నాన్న