లావోస్ కొండల్లో బైక్ దారి తప్పించొద్దు

సంపాదకులకు,

లావోస్ కొండల్లో ఆఫ్‌రోడ్ బైక్ టూర్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన కథనం చదివాను. బాగుంది, కాదనను. కానీ అందులో ‘దారి లేని చోట మీ దారి మీరే వేసుకోండి’ అని ఒక మాట రాశారు చూడండి, దానికే ఈ ఉత్తరం. ఇంకో దేశం గురించైతే నవ్వుకుని వదిలేసేవాణ్ని. లావోస్ తూర్పు కొండల్లో ఆ మాట నమ్మి హ్యాండిల్ తిప్పితే కాలో ప్రాణమో పోతుంది.

నేనూ అక్కడ గైడ్ వెనక చిన్న గుంపుతో తిరిగొచ్చినవాణ్నే, ఫోన్సవన్ వైపూ, దక్షిణాన సెపోన్ వైపూ. మీ కథనంలో యుద్ధం గురించి ఒక్క వాక్యమే ఉంది, అదీ ‘ఒకప్పటి యుద్ధభూమి’ అని. వియత్నాం యుద్ధ కాలంలో, 1964 నుంచి 1973 దాకా, అమెరికా విమానాలు ఆ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించాయి. క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న బాంబులే సుమారు 27 కోట్లు, వాటిలో 30 శాతం దాకా పేలలేదని అంచనా. అక్కడి జనం వాటిని బాంబీ అంటారు, టెన్నిస్ బంతి అంత ఉంటాయి, పిల్లలు ఆడుకోవడానికి తీసుకునేది అందుకే. యుద్ధం ముగిశాక కూడా వీటి వల్ల చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 20 వేలు దాటారు. అలాంటప్పుడు ‘ఒకప్పటి’ అని ఎలా రాస్తాం?

బైకర్లకు ఇంకో తిరకాసు ఉంది. హో చి మిన్ ట్రయిల్ అంటే ఒక రోడ్డు కాదు, ఉత్తర వియత్నాం నుంచి దక్షిణానికి ఆయుధాలు చేరవేయడానికి లావోస్ మీదుగా అల్లుకుపోయిన కాలిబాటలూ లారీ దారులూ వాగు దాటే రేవులూ. లారీలు నెమ్మదించక తప్పని చోట, అంటే కనుమల్లో, రేవుల దగ్గర, బాంబులు మరీ ఎక్కువ వేశారు. వియత్నాం సరిహద్దులోని ము గియా కనుమ అలాంటిదే. మనం బైకు ఆపి హెల్మెట్ తీసి ఫొటోలు దిగాలనుకునేదీ సరిగ్గా అలాంటి చోట్లే.

పైగా మనకు అలవాటైన పద్ధతి ఒకటుంది. ముందు లారీ చక్రాల గాడి నిండా బురద నీళ్లుంటే పక్కనున్న గడ్డి మీదికి ఎక్కించి చుట్టు తిరిగి వెళ్లిపోతాం, అది తెలివైన రైడింగ్ అనుకుంటాం కూడా. అక్కడ గైడ్ మొదటి గంటలోనే మా చేత అది మాన్పించాడు. బురదలో పడినా సరే, గాడిలోనే పోవాలి, ఎందుకంటే ఆ గాడి మీద రోజూ ఊళ్లోవాళ్ల బండ్లు తిరుగుతున్నాయి, పక్కన గడ్డి మీద ఎవరూ తిరగడం లేదు. నేను ఎన్నిసార్లు పడ్డానో అడక్కండి. బైకు వాలు మీదికి జారిపోతే మనం దిగి లాక్కురావడం కుదరదు, ముందు గైడ్ చూడాలి. మూత్రానికి పొదల చాటుకి వెళ్లబోయిన మావాడొకడి మీద ఆయన వేసిన కేక ఇంకా గుర్తుంది. దారి మధ్యలోనే కానివ్వమన్నాడు, సిగ్గుపడితే మమ్మల్ని అటు తిరగమన్నాడు.

మంట కూడా అంతే. క్యాంప్‌ఫైర్ అంటే మనవాళ్లకు సరదా, కానీ పరీక్షించని నేల మీద నిప్పు వేస్తే వేడికి కింద ఉన్నది పేలొచ్చు. అక్కడి పల్లెల్లో వంట మంటల దగ్గరే మనుషులు పోయారు.

ఇక ఆ స్క్రాప్ సంగతి. బాంబు తొడుగులు ఇళ్లకు స్తంభాలుగా, కంచెలుగా, మొక్కల తొట్లుగా కనిపిస్తాయి. ఫోన్సవన్ దగ్గర ఒక ఊళ్లో యుద్ధం నాటి అల్యూమినియం కరిగించి చెంచాలు పోస్తారు. మీ విలేకరి వాటిని కొనమని రాశారు. నాకు మాత్రం మనసొప్పలేదు, పాత ఇనుము ఏరుకోబోయి చచ్చిపోయినవాళ్లు అంతమంది ఉన్న చోట దానికి గిరాకీ పెంచడం ఎందుకు అనిపించింది. ఆ ఊళ్లోవాళ్లకు అది బతుకుదెరువు కదా అని మా గుంపులో ఒకాయన వాదించాడు, అదీ తీసిపారేసే మాట కాదు. బాంబు ముక్కల్ని మాత్రం గుర్తుగా బ్యాగులో వేసుకోకండి, ఖాళీదో కాదో చూసి చెప్పే నైపుణ్యం మనకు లేదు.

గైడ్ లేకుండా వెళ్తే చవక అన్న మీ సలహా వెనక్కి తీసుకోవాలి. ఫోన్సవన్ దగ్గర పెద్ద పెద్ద పురాతన రాతి జాడీలుండే జాడీల మైదానంలో, 2019లో యునెస్కో జాబితాకెక్కిన చోటే, బాంబులు తీసేసి క్లియర్ చేసిన నేలకు ఇప్పటికీ తెలుపు, ఎరుపు గుర్తులున్నాయి, తెలుపు వైపే నడవాలి. అడవి దారుల్లో ఆ గుర్తులు కూడా ఉండవు. ఏ వాగు ఎక్కడ దాటాలి, ఏ పొలం శుభ్రం చేశారు, ఏది చేయలేదు అన్నది ఆ ఊళ్లవాళ్లకే తెలుసు, వాళ్లతో లావో భాషలో మాట్లాడేది గైడే.

వియంటియాన్‌లో కోప్ అనే సంస్థ సందర్శకుల కేంద్రం ఉంది. బాంబుల వల్ల కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకు కృత్రిమ కాళ్లు అమర్చే పని వాళ్లది. కొండలెక్కే ముందు గుంపుని అక్కడికి తీసుకెళ్లే ఆలోచన లేదని టూర్ నడిపేవాళ్లు అంటే, అడ్వాన్స్ కట్టేముందు ఎందుకని అడగండి.

— ఒక పాఠకుడు