తకిట తక

ఒరేయ్,

నిన్న రాత్రి నీకు ఫోన్ చేద్దామనుకుని మానేశా. ఫోన్లో అయితే రెండు ముక్కల్లో తేలిపోతుంది, అందుకే రాస్తున్నా.

మొన్న చెప్పానే, పియానో వాయించే డేవ్ బ్రూబెక్ జాజ్ క్వార్టెట్, అంటే నలుగురి బృందం, వాళ్ల 'టైమ్ అవుట్' ఆల్బమ్. 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. వారం నుంచీ ఇంట్లో అదే మోగుతోంది. పదేళ్లు మృదంగం నేర్చుకున్నవాడివి, ఇది నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పనురా!

అప్పటికి జాజ్ అంటే చాలావరకు నాలుగు దెబ్బల లెక్కే. 1958లో అమెరికా ప్రభుత్వం ఈ బృందాన్ని దేశాలు తిప్పింది. మన దేశానికీ వచ్చారు. ఇస్తాంబుల్ వీధిలో వాయించేవాళ్ల దగ్గర బ్రూబెక్ చెవిన ఒక తొమ్మిది దెబ్బల లెక్క పడింది. సంకీర్ణం, అదే మన తొమ్మిది, అనగానే మనకి తకదిమి తకతకిట కదా? అక్కడ తక తక తక తకిట, అంటే రెండు, రెండు, రెండు, మూడు. దాంతో 'బ్లూ రోండో అలా టర్క్' కట్టాడు. తొడ మీద వేసుకుంటూ విను: మూడుసార్లు అలా నడిచి, నాలుగోసారి తకిట తకిట తకిట అని తిరుగుతుంది. అది పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక 'టేక్ ఫైవ్'. రాసింది శాక్సోఫోన్ వాయించే పాల్ డెస్మండ్. మన అయిదు దెబ్బల ఖండచాపు తక తకిట అయితే ఇది తిరగేసి తకిట తక. డ్రమ్స్ మీద జో మొరెల్లో సోలో మొదలైనా పియానో ఆగదురా. తని ఆవర్తనంలో, అదే కచేరీలో మృదంగం సోలోలో, పక్కన కూర్చుని తాళం వేసేవాళ్లలా ఆ అయిదునే పట్టుకుని ఉంటుంది. ఆ ధీమా మీద మొరెల్లో ఖాళీలు వదులుతాడు. దెబ్బల కంటే ఆ ఖాళీలే నన్ను పట్టేశాయి. పుట్టుకతోనే చూపు సరిగా లేని మనిషి, తెలుసా!

అన్నట్టు, బాస్ వాయించే యూజీన్ రైట్ నల్లజాతివాడు. ఆయన్ని పక్కన పెట్టి రమ్మన్నందుకు బ్రూబెక్ 1960లో అమెరికా దక్షిణాది కచేరీలు చాలావరకు వదులుకున్నాడు. ఆ సంగతి తెలిశాక బాస్ ఇంకా శ్రద్ధగా వింటున్నా.

రికార్డు కంపెనీలో అమ్మకాలవాళ్లు ఈ ఆల్బమ్ చూసి మొదట్లో జంకారట. 1961కల్లా 'టేక్ ఫైవ్' అమెరికా పాప్ పట్టికలో 25వ స్థానం దాకా ఎక్కింది. 1977లో పోయిన డెస్మండ్, దాని రాయల్టీ రెడ్‌క్రాస్‌కి రాసిచ్చి వెళ్లాడు.

మృదంగం ఇంకా అటక మీదే ఉందా? పండక్కి పట్టుకురా. ఈలోగా ఆ సోలో విను. ఎక్కడెక్కడ సమానికి, అదే తాళం మొదటి దెబ్బకి, దిగుతున్నాడో నువ్వే నాకు చూపించాలి.

నీ వాడు