అమ్మమ్మ పేరు రాసిన చీటీ

నల్లగొండ,
నవంబరు 5.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. "ఇన్ని సందేహాలు పెట్టుకొని ఇంకా ఆ కథోలిక గుడికే ఎందుకు పోతున్నావు, ఒక్క ఆదివారం మా ప్రార్థన మందిరానికి వచ్చి చూడరాదా" అని నీవు అడిగిన మాటకు తొందరపడి బదులు రాయడం నాకు ఇష్టం లేకపోయింది. ఇంతలో నవంబరు 2 వచ్చి వెళ్లింది. ఆ సాయంత్రం మన ఊరి సమాధుల మధ్య నిలబడి ఉండగా నీకు ఏమి చెప్పాలో నాకు కొంత తెలిసింది.

సమాధుల పండుగ సంగతి నీకు వర్ణించనక్కరలేదు, ఒకప్పుడు మనిద్దరం కలిసే సున్నం వేసి, బంతిపూలు పరిచేవాళ్లం. ఈసారి తాత దగ్గర ఒకటి, నాయన దగ్గర ఒకటి కొవ్వొత్తి వెలిగించిన తరువాత నా చేతిలో ఇంకొకటి మిగిలింది. అది అమ్మమ్మ కోసం కొన్నది. కాని అమ్మమ్మ ఆ గోడ లోపల లేదు, ఆమెను వాడ వెనుక బొందలగడ్డలో పెట్టాము.

అమ్మమ్మ నీకు గుర్తే కదా. మర్రిగూడ వైపు బావుల్లోని ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుము వంగిపోయినా, ప్రతి ఆదివారం మనల్ని చేయి పట్టుకొని గుడి దాకా తీసుకొచ్చి, పూజ అయ్యేవరకు బయట వేపచెట్టు కింద మన చెప్పులు పక్కన పెట్టుకొని కూర్చునేది. లోపలికి రమ్మంటే, "నేను వస్తే ముత్యాలమ్మకు బోనం ఎవరు ఎత్తుతారు బిడ్డా" అనేది. పెళ్లినాడు అమ్మ జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినప్పుడు అడ్డు చెప్పలేదు, తాను మాత్రం పొందలేదు. ఆమె చనిపోయిన ఏడాదే గుడిలో మతపాఠాలు చెప్పే మన ఉపదేశి ఒకాయన జ్ఞానస్నానం లేనివారికి మోక్షం లేదని పాఠం చెప్పాడు. ఆ రోజు పన్నెండేళ్ల పిల్లవాడిగా నా గొంతులో అడ్డుపడినది ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. మరియమాత గురించో, పోపుగారి అధికారం గురించో నీవు అడిగే ప్రశ్నలు నన్ను ఇంతగా ఎప్పుడూ బాధించలేదు. నా సందేహమంతా ఆ వేపచెట్టు కిందనే ఉంది.

పెద్దయ్యాక చదువుకున్నాను. ఉపదేశి తన సొంత మాట చెప్పలేదని అప్పుడు తెలిసింది. అన్యులు, యూదులు, శ్రీసభ (కథోలిక సంఘం) నుండి విడిపోయినవారు చనిపోయేలోగా శ్రీసభలో చేరకపోతే నిత్యాగ్నికి పోతారని 1442లో ఫ్లోరెన్స్‌లో జరిగిన శ్రీసభ పెద్దల మహాసభ పత్రం చెప్పింది. 1964లో రెండవ వాటికన్ మహాసభ, తమ తప్పేమీ లేకుండా క్రీస్తు సువార్తను, శ్రీసభను ఎరుగనివారు నిష్కపటమైన మనసుతో దేవుని వెతుకుతూ, అంతరాత్మ చెప్పినట్లు నడుచుకుంటే రక్షణ పొందగలరని చెప్పింది. మొదటి మాటే రెండవ మాటగా ఎదిగిందని పండితులు వివరిస్తారు. ఆ వివరణను ఎంతో ఇష్టంగా చదివాను, కాని ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఎదుగుదల కంటే మార్పే ఎక్కువ కనిపిస్తుంది. మారితే మారిందని ఒప్పుకుంటే నా మనసు కుదుటపడేది. పైగా అమ్మమ్మ "ఎరుగనిది" ఎలా అవుతుంది? ఇరవై ఏళ్లు ఆ వేపచెట్టు కింద, గుడి కిటికీ పక్కన కూర్చొని ప్రతి పాట, ప్రతి ప్రార్థన విన్నది. ఈ మాట మన ఫాదర్ గారి ముందు పెడితే ఆయన చాలాసేపు ఆలోచించి, "చెవితో విన్నంత మాత్రాన ఎరిగినట్లు కాదు, ఆమెకు మనం ఏ ముఖం చూపించామో కూడా లెక్కలోకి వస్తుంది" అన్నారు. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు, కాని అందులో నిజాయితీ ఉంది.

మిత్రమా, నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నాకంటే ముందు అమ్మకు ఒక మగబిడ్డ పుట్టాడు. రాత్రిపూట ఇంట్లోనే కాన్పు అయింది, నాయన బండి కోసం పరుగెత్తాడు, అమ్మకు స్పృహ లేదు, బిడ్డ నీలంగా మారుతున్నాడు. అప్పుడు అమ్మమ్మ బిందెలోని నీళ్లు చెంబుతో ముంచి బిడ్డ తలపై పోస్తూ, కిటికీలోంచి ఎన్నోసార్లు విన్న మాటలే, "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను" అని పలికింది. తెల్లవారేసరికి బిడ్డ పోయాడు. వచ్చిన ఫాదర్ గారు ఏం చేశావు, ఏమన్నావు, ఎందుకు చేశావు అని మాత్రమే అడిగి, "ఇది సరైన జ్ఞానస్నానమే" అని చెప్పి బిడ్డను గుడి సమాధుల్లో పాతించారు. "నా బిడ్డ ఏ దేవునికి మొక్కుకుందో ఆ దేవునికే అప్పజెప్పిన" అని అమ్మమ్మ ఆయనకు చెప్పిందట. ఇది అమ్మ చాలా ఏళ్ల తరువాత నాకు చెప్పిన మాట.

ఆ ఫాదర్ గారు చూపించినది దయ ఒక్కటే కాదు, నియమం కూడా అదే. ప్రాణాపాయంలో ఎవరైనా, క్రైస్తవులు కానివారైనా సరే, శ్రీసభ చేసేదే తానూ చేయాలనే ఉద్దేశంతో నీళ్లు పోసి ఆ మాటలు పలికితే జ్ఞానస్నానం చెల్లుతుందని శ్రీసభ బోధిస్తుంది. ఈ బోధను అర్మేనియా క్రైస్తవుల కోసం 1439లో రాసి ఇచ్చినది ఎవరో తెలుసా? ఆ ఫ్లోరెన్స్ మహాసభే. మూడేళ్ల తరువాత ఆమెను అగ్నికి పంపిన ఆ సభే, ఆమె చేతికి ఒక పసిబిడ్డకు మోక్షద్వారం తెరిచే అధికారం ముందే ఇచ్చింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంటికి తలుపు తీసిన మనిషిని బయటే నిలబెట్టే దేవుణ్ణి నేను నమ్మలేను. నా సందేహం తీరిందని దీని అర్థం కాదు. కాని ఆ సందేహానికి ఎదురు నిలిచే మాట కూడా ఇదే ఇంట్లో దొరికింది.

ఇంకొకటి కూడా నన్ను తొలుస్తూనే ఉంది, దాచను. జ్ఞానస్నానం లేకున్నా అమ్మమ్మకు మోక్షం ఉంటే, ఆ జ్ఞానస్నానానికి అమ్మ ఇంత మూల్యం ఎందుకు చెల్లించింది? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చినా మనకు ఇవ్వలేదు. మన వాడలో కాగితం మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు పెట్టుకొని బతికేవారి భయం నీకూ తెలుసు. అమ్మ అలా చేయలేదు, మా చదువులకు క్రైస్తవులైన దళితులకు ఇచ్చే బీసీ-సీ ధ్రువపత్రమే తెచ్చింది. ఈ ప్రశ్న అమ్మనే అడిగాను. "మోక్షం కోసం లెక్క చూసుకొని పోలేదు బిడ్డా, ఆయన నచ్చిండు కాబట్టి పోయిన" అన్నది. ఆ తరువాత ఆమెను మరేమీ అడగలేకపోయాను.

ఇప్పుడు నీ పిలుపు సంగతి. మీ మందిరంలోని ప్రేమను, వాక్యం పట్ల మీకున్న శ్రద్ధను నేను తక్కువ చేయను. కాని మీ బోధలో పసిబిడ్డల జ్ఞానస్నానం చెల్లదు, చనిపోయినవారి కోసం ప్రార్థన లేదు. అక్కడ అమ్మమ్మ ఆ రాత్రి పోసిన నీళ్లు ఉత్త నీళ్లు, ఈ రోజు ఆమె కోసం నేను చేయగలిగినది ఏమీ లేదు. నన్ను గాయపరిచిన బోధ ఏ గుడిదో ఆ గుడిలోనే నాకు ఆమె కోసం నోరు తెరిచే హక్కు ఉంది. బతికి ఉన్నవారైనా, చనిపోయినవారైనా ఎవరి కోసమైనా గురువు (ఫాదర్) పూజ అర్పించవచ్చని 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 901వ నియమం చెబుతోంది. పూజలో గురువులు చదివే నాలుగవ పెద్ద ప్రార్థనలో, ఎవరి విశ్వాసం నీకు ఒక్కనికే తెలుసో ఆ మృతులందరినీ జ్ఞాపకముంచుకొనుమని దేవుణ్ణి వేడుకునే మాట ఉంది. ఎన్నో ఏళ్లు పరధ్యానంగా విన్న ఆ మాట ఇప్పుడు వినబడితే నా కళ్లు నిండుతాయి.

అందుకే ఈసారి పీఠం దగ్గర పెట్టే మృతుల పేర్ల డబ్బాలో తాత, నాయన పేర్ల కింద మొదటిసారి అమ్మమ్మ పేరు కూడా రాసి వేశాను. రాసేటప్పుడు చేయి ఆగింది. ఫాదర్ గారు చీటీలు చదువుతూ ముత్యాలమ్మ తల్లికి బోనమెత్తిన ఆ మనిషి పేరును కూడా మిగతా పేర్లలాగే, ఆగకుండా, గట్టిగా చదివారు. మిగిలిన ఆ కొవ్వొత్తిని మా అన్న చిన్న సమాధి మీద వెలిగించి వచ్చాను.

ఇక నీతో ఒక పని ఉంది. అమ్మమ్మను పాతిన రోజు నాకు జ్వరం, నన్ను ఇంట్లోనే ఉంచారు, నీవు మీ నాయనతో బొందలగడ్డ దాకా పోయావు. ఇప్పుడక్కడ సర్కారు తుమ్మ పెరిగి ఏ రాయి ఎవరిదో తెలియడం లేదు. అమ్మ కూడా గుర్తుపట్టలేకపోతోంది. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఒక పూట ముందే బయలుదేరి రా, ఆ చోటు నీకు గుర్తుంటే చూపించు. కొడవలి నేను తెస్తాను.

నీ
చిన్ననాటి నేస్తం