ఫ్లెక్సీ మీద పులస, పళ్లెంలో విలస

సంపాదకుల గారికి నమస్కారం.

గోదావరికి ఎర్రనీరు తగిలితే చాలు, యానాం నుంచి రావులపాలెం దాకా హోటళ్ల ముందు ‘పులస పులుసు కలదు’ అని ఫ్లెక్సీలు లేస్తాయి. వాటిలో కొన్ని సంక్రాంతికి కూడా దిగకపోవడమే బాధాకరం. పండక్కి వచ్చిన చుట్టాలు ఆ పేరు చూసి, అడిగినంత ఇచ్చి తిని వెళ్తున్నారు.

పులస వేరే జాతి చేప కాదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలసే. జూలై నుంచి సెప్టెంబరు వరకు గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతూ గౌతమి, వశిష్ఠ పాయల్లోకి ఎక్కినప్పుడే పులస అవుతుంది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక దాని ప్రయాణం దాదాపుగా అక్కడితో ఆగిపోతోంది. అందుకే జనవరిలో పులస అని వడ్డించేది ఐసులో దాచినదైనా కావాలి, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి పెట్టెల్లో దిగిన విలసైనా కావాలి. విలస తక్కువ చేపేం కాదు. దాని పేరుతో, దాని ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ముక్కలు కోసి పులుసులో వేశాక మాత్రం తేడా పట్టడం చెయ్యి తిరిగిన వంటవాళ్లకీ కష్టమే. కాబట్టి కోయకముందు చేపను నిండుగా చూపించమని అడగాలి.

వంటలోనూ తొందర పనికిరాదు. మట్టి దాకలో ముక్కలు పరిచి, చింతపండు పులుసు పోసి, సన్నని సెగ మీద ఉడకనివ్వాలి. ముక్క మెత్తన కాబట్టి గరిటె పెడితే చిదుగుతుంది. దాక అంచులు గుడ్డతో పట్టుకుని తిప్పాలి. బెండకాయలు ముందే వేస్తే జారుడుగా అయిపోతాయి, పులుసు చిక్కబడ్డాకే వెయ్యాలి. దించేముందు కాస్త ఆవకాయ ఊట. రాత్రి వండి మర్నాడు తింటేనే ఉప్పూ పులుపూ ముక్క లోపలికి దిగుతాయి. చాలా హోటళ్లలో జరిగేది వేరు: వేయించి ఉంచిన ముక్కల మీద అన్ని చేపలకూ వాడే గ్రేవీయే పోసి, పెద్ద మంట మీద రెండు పొంగులు రానిస్తారు. పైన పులుపు, లోపల చప్పన. అది తెలియకుండా గరం మసాలా చల్లుతారు. ‘ఈ పులుసు ఎప్పుడు వండింది?’ అని అడగండి. పులస విషయంలో ‘నిన్న రాత్రి’ అన్నదే మంచి జవాబు. ముక్క లెక్కన అమ్మితే నడుం ముక్కో తోక ముక్కో కూడా ముందే చెప్పాలి. తోకవైపు ముళ్లు మరీ ఎక్కువ, పిల్లలకు పెట్టకూడదు.

తగవులు ఎక్కువగా వచ్చేది తూకం దగ్గర. మెనూలో ధర ఉండాల్సిన చోట ‘సైజును బట్టి’ అని ఉంటుంది. ఆ తూకం పొలుసు తీయకముందా, శుభ్రం చేశాకా? తలతో ఉన్న కిలో రొయ్యలు ఒలిస్తే దాదాపు అరకిలోకి వస్తాయి. మండపీతను తడి తాడుతో సహా తూస్తే తాడుకీ పీత ధరే కట్టాలి. పీత బతికుండాలి, చచ్చినది గంటల్లోనే పాడవుతుంది. పొట్టవైపు డిప్ప నొక్కితే లొత్తపడితే అది కుబుసం విడిచి ఎక్కువ రోజులు కాలేదన్నమాట. లోపల నీరే తప్ప కండ ఉండదు. గట్టిగా, చేతికి బరువుగా ఉన్నదే తీసుకోవాలి.

హోటళ్ల వాళ్లకు ఒకటే మనవి: గుమ్మంలో ఒక పలక పెట్టి, ఆ రోజు చేప పేరు, సముద్రందో, ఏటిదో, చెరువుదో, ఐసుదో, పచ్చి తూకానికి కిలో ధర ఎంతో సుద్దముక్కతో రాయండి. తూనికలు కొలతల శాఖ వాళ్లు బజారు కాటాల్లాగే హోటల్ వంటింటి కాటాలనూ చూడాలి. బిల్లులో మోసం జరిగిందనుకున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఇంజను లేని చిన్న నావలు తెచ్చేది కొద్దిపాటి చేపే. ఆ రోజుల్లో ‘పొద్దున్నే బోటు దిగిన వంజరం’ అంటే నమ్మకండి. అప్పుడు చెరువు పండుగప్ప, తొట్టిలో ఈదుతున్న కొరమేను అడగండి, కళ్లెదుటే కోయించుకోవచ్చు.

– ఒక పాఠకుడు, రాజోలు, కోనసీమ జిల్లా