దుంపకు కలలొస్తాయా?

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. మన గేటు పక్క మడిలో డాఫోడిల్ పూలు విచ్చుకున్నాయి. కిందటి అక్టోబరులో మూడో తరగతి పిల్లలు 15 సెంటీమీటర్ల లోతున నాటిన దుంపలివి. చలికాలమంతా ఆ మడిలో మట్టి తప్ప ఏమీ కనబడలేదు. "చచ్చిపోయాయా మేడమ్?" అని పిల్లలు అడగని వారం లేదు. ఇప్పుడు పొద్దున్నే బ్యాగులు కూడా దించకుండా అక్కడికే పరుగెడుతున్నారు.

ఆ మడి దగ్గరే ఒక పాప నన్ను అడిగింది: "ఇన్నాళ్లూ నిద్రపోయింది కదా, దుంపకు కలలొస్తాయా?"

మెదడు లేనిదానికి కలలు రావు, అంతే చెప్పి పంపేయొచ్చు. కానీ నిద్ర అనే మాట దగ్గర ఆగిపోయాను. నాటే రోజున ఒక దుంపను నిలువుగా కోసి పిల్లలకు చూపించాం. పొరల నడుమ పాలిపోయిన బుల్లి మొగ్గ అప్పటికే ఉంది. ఈ వసంతంలో పూసిన పువ్వు కిందటి ఎండాకాలంలోనే తయారైంది. ఆ తర్వాత దానికి 12 వారాలకు పైగా చలి కావాలి. ఆ చలి తగలకపోతే కాడ సరిగా సాగదు. మనకు ఖాళీగా కనబడిన ఆ నెలల్లోనే అది వేళ్లు దింపుకుంది.

పిల్లల నిద్రా ఇలాంటిదే. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ ఒక సంగతి బయటపెట్టారు. నిద్రలో కొన్నిసార్లు మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదులుతాయి, అప్పుడు లేపితే మనిషి చాలాసార్లు కల చెబుతాడు. ఆ సమయంలో మెదడు మెలకువలో ఉన్నట్టే చురుగ్గా ఉంటుంది, ఒంట్లో కండరాలు మాత్రం వదులైపోతాయి. ఇది సుమారు గంటన్నరకోసారి వస్తుంది. రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే, తెల్లవారేకొద్దీ ఎక్కువసేపు. అంటే పొద్దున గంట ముందు లేపితే పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది కలల నిద్రనే.

కలలు కనడం కూడా పిల్లలకు వయసుతో వస్తుందని డేవిడ్ ఫౌల్క్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త పరిశోధనల్లో తేలింది. అయిదేళ్లలోపు వాళ్లను కలల నిద్రలోంచి లేపినా చెప్పే కలలు తక్కువ. చెప్పినా ఒక జంతువో, ఒక బొమ్మో, కదలకుండా ఉంటుంది. ఏడెనిమిదేళ్లు వచ్చాకే కలలో కథ నడుస్తుంది, ఆ కథలో తాను కూడా ఏదో చేస్తుంటాడు. మన మూడో తరగతి పిల్లలు సరిగ్గా ఆ వయసులో ఉన్నారు.

పాప ప్రశ్నకు నాకు దొరికిన జవాబు నాకే చాలా నచ్చింది. డాఫోడిల్ దుంపల్లో గాలంటమైన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని జ్ఞాపకశక్తి తగ్గిపోయే అల్జీమర్స్ వ్యాధికి మందుగా ఇస్తారు. అది మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా తగ్గిపోకుండా చూస్తుంది. కలల నిద్రలో మెదడులో బాగా పెరిగేదీ ఆ రసాయనమే. అందుకే ఆ మందు వాడేవాళ్లలో కొందరికి కలలు మరీ స్పష్టంగా వస్తాయి. "దుంపకు కలలు రావమ్మా, మనిషికి కలలు తెప్పించేది మాత్రం దాన్లో ఉంది" అన్నాను. పాప చాలాసేపు మడి వైపే చూస్తూ నిలబడింది. (పచ్చి దుంప విషం. చూడ్డానికి ఉల్లిపాయలా ఉంటుంది, ఎవరూ ఇంటికి తీసుకెళ్లకుండా చూడండి. పూలు ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి.)

ఏళ్ల తరబడి అసెంబ్లీలో "నీ కల ఏంటి?" అని అడుగుతూ వచ్చాను. డాక్టర్, పైలట్ అని చెప్పేవారు. సోమవారం మాత్రం "రాత్రి ఏం కల వచ్చింది?" అని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. ఒకబ్బాయి, చనిపోయిన తాతయ్య కల్లో తనకు షూ లేసులు కట్టాడని చెప్పాడు. ఇంట్లో మీరూ అడగండి. అర్థం చెప్పొద్దు, వినండి చాలు. పీడకలలు పదేపదే వస్తుంటే క్లాసు టీచరుకు చెప్పండి.

మూడేళ్ల కిందట పూలు వాడగానే, చూడ్డానికి బాగోలేదని ఆకులు నేనే కోయించాను. మరుసటి ఏడాదికి పువ్వును తయారుచేసే బలం ఆ ఆకుల నుంచే దుంపకు అందుతుందని నాకప్పుడు తెలియదు. ఆ తర్వాతి వసంతంలో ఆకులే వచ్చాయి, పూలు పది కూడా లేవు. పిల్లల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

పిల్లల నిద్ర విషయంలో అదే తప్పు చేయకూడదని ఒక నిర్ణయం తీసుకున్నాం. బడికి ముందు పెడుతున్న అదనపు క్లాసులు వచ్చే సోమవారం నుంచి ఉండవు. ఆ పాఠాలు బడి వేళల్లోనే చెబుతాం. పరీక్షల ముందు ఇదేంటని టెన్షన్ పడకండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, ఆ గంట వాళ్లకు తిరిగి ఇస్తున్నాం.

శుక్రవారం సాయంత్రం తోట చూడ్డానికి రండి. మడి చుట్టూ పిల్లలు తాడు కట్టారు. పూలు వాడిపోయాక కనీసం 6 వారాలు, ఆకులు వాటంతటవే పసుపుబారి ఒరిగిపోయేదాకా, ఆ తాడు విప్పం. అప్పటిదాకా మడి కొంచెం చిందరవందరగానే కనిపిస్తుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు